పాత సామాన్లు గుత్తకు ఇవ్వకండి: ఇల్లు సర్ది నాలుగు రూపాయలు చేసుకోవడం ఎలా

దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపే రోజులు దగ్గరపడగానే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: అటక నిండా సామాను పేరుకుపోయింది, దాన్ని ఎవరికి అమ్మాలి, ఏపాటి డబ్బు వస్తుంది? ఇనుము, ఇత్తడి, పాత కాగితాల ధరలు ఊరినిబట్టి, రోజునుబట్టి మారుతూ ఉంటాయి కనుక అంకె కంటే పద్ధతి చెప్పడమే మీకు ఉపయోగం. నేను చూసినంతలో నష్టం ఎక్కువగా ఒక్కచోటే జరుగుతుంది. వీధిలోకి బండి రాగానే ఉన్నదంతా కుప్పగా పోసి, "మొత్తానికి ఎంత ఇస్తావు" అని అడిగి గుత్తకు ఇచ్చేస్తారు. అప్పుడు రాగి ఇత్తడి ధరకు పోతుంది, ఇత్తడి ఇనుము ధరకు పోతుంది, ట్రంకుపెట్టె అడుగున ఉన్న షేరు పత్రం చిత్తుకాగితాల తూకంలో కలిసిపోతుంది. అందువల్ల కాగితంగా విలువ ఉన్నదేది, తూకానికి పోవలసినదేది, వస్తువుగా అమ్మవలసినదేది అని ముందు విడదీయడమే అసలు పని. మిగిలిన మెట్లన్నీ దాని చుట్టూ తిరిగేవే.

కావలసినవి

- ఒక నోటుపుస్తకం, పెన్ను
- చిన్న అయస్కాంతం (ఫ్రిజ్ తలుపుకు అతికించే బొమ్మ వెనక ఉండేది కూడా పనికి వస్తుంది)
- ప్రయాణపు సంచులను తూచే వేలాడే డిజిటల్ కాటా. అది లేకపోతే పొరుగింటి నుంచి అడిగి తెచ్చుకోండి
- గోనెసంచులు నాలుగైదు, పాత దుప్పటి, టార్చిలైటు, ముక్కుకు కట్టుకునే గుడ్డ, చేతి తొడుగులు
- గట్టి నిచ్చెన, దాన్ని పట్టుకునే రెండో మనిషి
- వరుసగా రెండు సెలవు రోజులు

1. ముందుగా ఇంట్లోవాళ్ల మాట తీసుకోండి. అటక మీద ఉన్న బిందె అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు పెట్టినది కావచ్చు, ఆ చెక్కపెట్టె మామగారి తండ్రిది కావచ్చు. ఎవరి వస్తువును వారు అమ్మమంటేనే అమ్మాలి. పెద్దవాళ్లు కాదన్న వస్తువును వారు ఊరెళ్లినప్పుడు తీసేస్తే వచ్చే డబ్బు కంటే ఆ ఇంట్లో మిగిలే బాధ ఎక్కువ. పూజగదిలో వాడిన కుందులు, గంటలు, పళ్ళేలు తూకానికి ఇవ్వడానికి చాలామందికి మనసొప్పదు. వాటిని దగ్గరలోని చిన్న గుడికి అడిగి ఇవ్వవచ్చు. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి లోహం బయటికి పంపని ఇళ్లు ఉన్నాయి. మీది అలాంటి ఇల్లయితే బేరానికి మరో రోజు పెట్టుకోండి.

2. ఒకసారికి ఒక్క చోటు మాత్రమే ఖాళీ చేయండి. అటక, మంచం కింద పెట్టె, వంటింటి పై అర, వీటిలో ఒకదాన్ని ఎంచుకొని అందులోని ప్రతి వస్తువునూ దుప్పటి మీదికి దించండి. ఇల్లంతా ఒకేసారి మొదలుపెడితే సాయంత్రానికి ఓపిక అయిపోయి, దించినదంతా మళ్లీ ఎక్కించేస్తారు. ఏళ్ల తరబడి కదపని సామాను సందుల్లో తేళ్లు, జెర్రులు ఉంటాయి. కాబట్టి చేయి పెట్టే ముందు టార్చి వేసి చూసి, కర్రతో కదిపి, ఆ తరువాతే తీయండి.

3. నాలుగు కుప్పలు చేయండి: ఉంచేవి, అమ్మేవి, ఊరికే ఇచ్చేవి, పారేసేవి. ఏడాదిగా వాడనిదల్లా తీసేయమని కొందరు చెబుతారు. మన ఇళ్లకు ఆ సూత్రం అచ్చంగా సరిపోదు. ఆవకాయ జాడీ ఏడాదికి ఒక్క నెలే పని చేస్తుంది, బొమ్మల కొలువు బొమ్మలు మూడు రోజులో తొమ్మిది రోజులో బయటికి వస్తాయి, వినాయకుడి పీట చవితికే దిగుతుంది. అందుకని "ఒక సంవత్సరపు పండుగలన్నీ, ఒక ఎండాకాలం, ఒక పెళ్లి ఈ వస్తువు లేకుండా గడిచాయా?" అని అడగండి. గడిచాయంటే అమ్మవచ్చు. ఒకే పనికి మూడు వస్తువులుంటే, అంటే మూడు ఇడ్లీ పాత్రలో రెండు మిక్సీలో ఉంటే, మీరు రోజూ చేయి వేసే ఒక్కదాన్ని ఉంచండి. తేల్చుకోలేని వాటిని ఒక సంచిలో కట్టి, దాని మీద నేటి తేదీ రాసి పక్కన పెట్టండి. ఆరు నెలల తరువాత దాన్ని గురించి మాట్లాడుకోవచ్చు.

4. ఏ కాగితాన్నీ చూడకుండా తూకానికి వేయకండి. నన్నడిగితే అటక మీద అన్నిటికన్నా విలువైనవి పాత కాగితాలే. బ్యాంకు పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు, బీమా పాలసీలు, పోస్టాఫీసు పొదుపు పత్రాలు, కంపెనీల షేరు పత్రాలు కనిపిస్తే వాటిని ఒక ఫైలులో పెట్టండి.

పదేళ్లపాటు కదలని బ్యాంకు డిపాజిట్ సొమ్మును బ్యాంకులు రిజర్వు బ్యాంకు నిర్వహించే ఒక నిధికి జమ చేస్తాయి. అంతమాత్రాన హక్కు పోదు. ఖాతాదారు గాని వారసులు గాని అదే బ్యాంకుకు వెళ్లి తిరిగి పొందవచ్చు. అలాంటి ఖాతాలను వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023లో 'ఉద్గమ్' అనే వెబ్‌సైటును తెచ్చింది. ఖాతాదారు పేరుతో పాటు పాన్ గాని పుట్టిన తేదీ గాని మరో గుర్తింపు గాని ఇస్తే ఏ బ్యాంకులో ఉందో చూపిస్తుంది. షేర్ల సంగతికి వస్తే, ఏడేళ్లు వరుసగా డివిడెండు (కంపెనీ లాభంలో వాటాదారుకు ఇచ్చే సొమ్ము) తీసుకోకపోతే ఆ డివిడెండూ షేర్లూ కూడా కేంద్ర ప్రభుత్వపు మదుపరుల నిధికి వెళతాయి. వాటికీ దరఖాస్తు చేసుకొని వెనక్కి తెచ్చుకోవచ్చు. కాగితపు షేర్లను మరొకరికి అమ్మి బదిలీ చేయడం 2019 ఏప్రిల్ నుంచి ఆగిపోయింది కనుక వాటిని ముందుగా డీమ్యాట్‌లోకి, అంటే కాగితం లేని ఎలక్ట్రానిక్ ఖాతాలోకి మార్చుకోవాలి. ఈ పనులు నెమ్మదిగా సాగుతాయి, సంతకాలు కలవవు, వారసత్వ పత్రాలు అడుగుతారు. అయినా ఓపిక పట్టండి. సగం వాటా ఇస్తే తెచ్చిపెడతామని ఫోన్ చేసేవాళ్లకు మాత్రం ఆ కాగితాల ఫొటోలు కూడా పంపకండి.

పాత నోట్లు దొరికితే మూడు విషయాలు గుర్తుంచుకోండి. 2023 మే నెలలో చలామణి నుంచి ఉపసంహరించిన రూ. 2000 నోటు ఇప్పటికీ చెల్లుతుంది. హైదరాబాదుతో సహా కొన్ని నగరాల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయాల్లో దాన్ని మార్చుకోవచ్చు, లేదా పోస్టు ద్వారా పంపి మీ ఖాతాలో జమ చేయించుకోవచ్చు. 2016 నవంబరులో రద్దయిన 500, 1000 నోట్లకు విలువ లేదు. పైగా 2017 నాటి చట్టం ప్రకారం అలాంటివి పదికి మించి దగ్గర ఉంచుకోవడం నేరం. మూడోది, ట్రాక్టరు బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమిషను, పన్ను ముందుగా కట్టమని అడుగుతారు. పాత నోట్లు, నాణేలు కొనే పనిలో తాము లేమని ఆ బ్యాంకే 2021లో ప్రజలను హెచ్చరించింది.

తాళపత్రాలు, నూరేళ్లు దాటిన విగ్రహాలు, పాత నాణేలు ఉంటే తొందరపడి అమ్మకండి. అవి 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి రావచ్చు. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించడం నిషేధం. చేతిరాత ప్రతులకైతే డెబ్బై అయిదేళ్లు దాటినా చాలు. తాళపత్రాలను తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థ వంటి చోట చూపించండి.

ఇవన్నీ తీసిన తరువాత మిగిలిన కాగితాలను మూడుగా కట్టండి: వార్తాపత్రికలు, అట్టపెట్టెలు, తెల్లకాగితాల నోటుపుస్తకాలు. మూడింటికీ ధర వేరు. ఆధార్, పాన్, ఖాతా నంబర్లు ఉన్న నకళ్లను చింపి నీళ్లలో నానబెట్టి పారేయండి. ఇది మరచిపోయేవాళ్లే ఎక్కువ.

5. లోహాలను మీరే వేరు చేసి, మీరే తూచండి. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము, లేదా పైన ఇత్తడి పూత పూసిన ఇనుము. అంటుకోని పసుపుపచ్చనిది ఇత్తడి. అడుగున ఎవరికీ కనబడని చోట మేకుతో చిన్న గీత గీస్తే రాగి ఎర్రగా, ఇత్తడి పసుపుగా మెరుస్తుంది. కంచును చాలామంది ఇత్తడిలో కలిపేస్తారు. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరాల మిశ్రమం, తగరం ఖరీదైనది. కంచు కంచాన్ని వేలితో తట్టితే మోత చాలాసేపు నిలుస్తుంది. స్టీలుకు అయస్కాంత పరీక్షను నమ్మకండి, స్టీలులో అంటేదీ ఉంది, అంటనిదీ ఉంది.

బిందెల కడియాలకు, బాయిలరు లోపలి జల్లెడకు ఇనుము ఉంటుంది. దాన్ని మీరే విడదీయించండి, లేకపోతే కొనేవారు "తరుగు" పేరుతో తమకు తోచినంత తీసేస్తారు. మా ఇంట్లో రాగి బాయిలరు అమ్మినప్పుడు నేను ముందుగా తూచుకోలేదు. ఒక వ్యాపారి ఇనుము కింద, మసి కింద అంటూ మూడు కిలోలు తరుగు తీశాడు. ఆ తరువాత అదే కొలతలున్న మా అక్కగారి బాయిలరులోని ఇనుమును విడిగా తూచి చూస్తే కిలో కూడా లేదు. అప్పటి నుంచి ఇంట్లో తూచకుండా నేను ఒక్క గిన్నె కూడా గడప దాటించలేదు.

కాటాను పరీక్షించడం సులభం. లీటరు నీళ్లు కిలో బరువు ఉంటాయి. అయిదు లీటర్ల ఖాళీ డబ్బాను ముందు తూచి, తరువాత అయిదు లీటర్ల గుర్తు వరకు నీళ్లు నింపి తూచండి. తేడా ఇంచుమించు అయిదు కిలోలు ఉండాలి. మీ కాటాను ఇలా చూసుకొని ప్రతి మూట బరువూ పుస్తకంలో రాయండి, తరువాత అదే డబ్బాను వ్యాపారి కాటాకు కూడా వేలాడదీయమనండి. నిజాయతీగా వ్యాపారం చేసేవారు దీనికి అభ్యంతరం చెప్పరు, అలాంటివాళ్లు చాలామందే ఉన్నారు. కొట్టులో కాటాకైతే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. తూచేటప్పుడు మూట నేలకు గాని, ఎవరి కాలికి గాని తగలకుండా గాలిలో వేలాడాలి.

ధర కోసం కనీసం మూడు కొట్లలో ఫోన్ చేసి, "కిలో ఇత్తడి ఎంతకు తీసుకుంటారు, తరుగు ఎంత తీస్తారు" అని రెండు ప్రశ్నలూ కలిపి అడగండి. ఒక్క ధరే అడిగితే ఎక్కువ చెప్పి తరుగులో లాగేవారి వైపు మొగ్గుతారు. పాత్ర చక్కగా ఉంటే తూకానికి ఇవ్వకుండా ఆగండి. గంగాళం, గుండిగ, నగిషీ ఉన్న చెంబు, పాతకాలపు తాళాలు ఇంటి అలంకరణకు కొనేవాళ్లు తూకపు ధర కంటే ఎక్కువే ఇస్తారు. వాటిని చింతపండుతో తోమి మెరిపించవద్దు. ఆ పాతదనం కోసమే వారు కొంటారు.

వెండి విషయంలో ఒక హెచ్చరిక: గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు బహుమతిగా వచ్చే జర్మన్ సిల్వర్ గిన్నెల్లో వెండి ఉండదు. విరిగిన పట్టీలు, ఒంటి కమ్మలు, తెగిన గొలుసులు మాత్రం ఒక డబ్బాలో చేర్చండి. బంగారాన్ని అమ్మే ముందు హాల్‌మార్కింగ్ కేంద్రంలో కొద్ది రుసుముతో నాణ్యత చూపించుకుంటే బేరంలో మీ మాటకు బలం ఉంటుంది.

6. వస్తువుగా అమ్మేవాటికి శుభ్రం, ఫొటో, నిజం మూడూ కావాలి. కుర్చీలు, చదువుబల్ల, పసిపిల్లల ఉయ్యాల, సైకిలు, కుట్టుమిషను, గ్రైండరు ఇలాంటివి. తుడిచి, పగటి వెలుతురులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. గీత పడిన చోటును దగ్గరగా తీసి కలపండి. లోపం దాచితే కొనేవాళ్లు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళతారు, లేదా గుమ్మంలో నిలబడి సగానికి అడుగుతారు. ముందు మీ అపార్టుమెంటు లేదా కాలనీ వాట్సాప్ గుంపులో పెట్టండి, రవాణా ఖర్చు ఉండదు. రెండు వారాల్లో పోకపోతే ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో పెట్టండి. ధరకు నేను పాటించే పద్ధతి ఇది: మూడేళ్ల లోపుదై బాగా పనిచేస్తుంటే, అదే వస్తువు ఈరోజు కొత్తది ఎంతకు దొరుకుతుందో చూసి అందులో సగం అడుగుతాను. మీరు కొన్న నాటి ధరను లెక్కలోకి తేకండి.

పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు బడులు, కాలేజీలు తెరిచే జూన్‌కు ముందే అమ్ముడుపోతాయి. హైదరాబాదులో కోఠీ దుకాణాలు, ఆబిడ్స్ ఆదివారపు పేవ్‌మెంటు అంగళ్లు, విజయవాడలో లెనిన్ సెంటరు పాత పుస్తకాల కొట్లు వీటికి తగిన చోట్లు. సిలబస్ మారిన పుస్తకాన్ని మాత్రం తూకానికే వేయాలి.

విరిగిన పాత చెక్కసామానును భోగిమంటలో వేసే ముందు ఒక వడ్రంగికి చూపండి. టేకు అయితే కాళ్లూ పలకలూ కూడా పనికి వస్తాయి. రెక్సిన్, స్పాంజి, ప్లాస్టిక్, టైర్లు మంటలో వేయడం ఊపిరికి హాని. పాత వైర్లలో రాగి కోసం పై తొడుగును కాల్చడం కూడా అంతే. ఇన్వర్టరు బ్యాటరీని ఆసిడ్ ఒంపకుండా ఉన్నదున్నట్టుగా బ్యాటరీల కొట్టుకే ఇవ్వండి, కొత్తదాని ధరలో తగ్గిస్తారు. పండుగల ఎక్స్‌ఛేంజ్ ఆఫర్లలో పాతది ఇవ్వకుండా కొంటే ఎంతో, ఇచ్చి కొంటే ఎంతో విడివిడిగా బిల్లు వేయించి చూడండి. రెండింటికీ తేడాయే మీ పాత వస్తువుకు నిజంగా వచ్చిన ధర.

7. డబ్బు తీసుకునేటప్పుడు పిన్ కొట్టకండి. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి. రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడమూ అక్కర్లేదు. వస్తువును చూడకుండానే అడిగిన ధరకు ఒప్పుకొని, సైన్యంలో పనిచేస్తున్నానని, అడ్వాన్సు పంపుతానని, ఈ కోడ్ స్కాన్ చేయమని అన్నవారితో మాట అక్కడితో ఆపండి. డబ్బు వచ్చిందని చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా, మీ ఖాతాలో జమ చూసుకున్న తరువాతే వస్తువు దాటించండి. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

8. ఫోన్లు, వాహనాలు అమ్మేటప్పుడు మీ పేరును వాటి నుంచి విడదీయండి. ఫోన్‌లో ఫొటోలు దాచుకొని, గూగుల్ ఖాతాను తీసేసి, ఆ తరువాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవారు మీ పాస్‌వర్డ్ కోసం ఫోన్ చేస్తూనే ఉంటారు. సిమ్ము, మెమరీ కార్డు తీయడం మరవకండి. *#06# నొక్కితే కనిపించే ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య), కొన్నవారి పేరును రాసుకోండి. మూలన పడిన స్కూటరునైతే యాజమాన్యం మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పూర్తిచేసి, అమ్మిన పద్నాలుగు రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేయాలి. ఈ పని చేయకపోతే ఆ బండి చేసే ప్రమాదాలకు, చలాన్లకు మీ పేరే ముందు కనిపిస్తుంది.

9. బట్టల దగ్గర తొందర వద్దు. పాత పట్టుచీరల్లో జరీ అసలుదైతే దానికి వేరే ధర ఉంటుంది. అంచు లోపలి వైపు ఒక పోగును గోటితో గీకి చూడండి. లోపల ఎర్రని పట్టుదారం కనిపిస్తే అసలు జరీ అయ్యే అవకాశం ఎక్కువ, తెల్లని దారమో ప్లాస్టిక్ పోగో కనిపిస్తే కాదు. వీధిలో తిరిగి కొనేవారు చీరను కత్తిరించి కాల్చి చూస్తామంటారు, ధర ఒప్పుకోకుండా కత్తెర వేయనివ్వకండి. పాత బట్టలకు స్టీలు గిన్నె ఇచ్చే బేరం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: గిన్నె మీకు నిజంగా అవసరమైతే తప్ప దానికి దిగవద్దు. ఒక మూట పోయి మరో పాత్ర అటకెక్కుతుంది, చేతికి రూపాయి రాదు. కట్టుకోదగిన బట్టలను ఉతికి, మడిచి, ఇంట్లో పనిచేసే వారిని ముందుగా అడిగి ఇవ్వండి. చిరిగినవి వంటింటి మసిగుడ్డలవుతాయి, ఆ మేరకు కొత్తవి కొనే ఖర్చు తగ్గుతుంది.

10. వచ్చిన సొమ్మును ఆ రోజే ఒక చోటికి పంపండి. అయిదు వందలు, వెయ్యి చొప్పున విడివిడిగా వచ్చే డబ్బు పర్సులో ఉంటే కూరగాయల్లో కలిసిపోతుంది. వడ్డీ నడుస్తున్న చేబదులో బంగారం మీద అప్పో ఉంటే ముందు దానికి కట్టండి. లేకపోతే పిల్లల బడి ఫీజు కోసం పోస్టాఫీసులో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఇంట్లో వాడుకున్న కుర్చీలు, బట్టలు, పాత్రలు అమ్మిన సొమ్ముపై మూలధన లాభాల పన్ను పడదు. నగలకు మాత్రం ఈ మినహాయింపు లేదు కనుక పెద్ద మొత్తమైతే లెక్క చూపించుకోవాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

అమ్మిన చోట ఖాళీ కనబడగానే దాన్ని సర్దడానికి ప్లాస్టిక్ డబ్బాలు, కొత్త అరలు కొనడం అన్నిటికన్నా పెద్దది. మొదటి మూడు నెలలు ఖాళీని ఖాళీగానే ఉంచండి. రెండోది, ఎక్కువ ధర కోసం నెలల తరబడి వస్తువును హాల్లో పెట్టుకోవడం. ప్రకటన పెట్టిన నాలుగు వారాలకు ధర తగ్గించండి, ఎనిమిది వారాలకు ఇచ్చేయండి. పిల్లల బొమ్మలను వాళ్లకు చెప్పకుండా అమ్మడం మూడోది. వాళ్లనే ఎంచమనండి, అమ్మిన డబ్బులో వాళ్ల వాటా వాళ్లకు ఇవ్వండి. తరువాతి సెలవుల్లో వాళ్లే వచ్చి అడుగుతారు.

ఫలితాన్ని ఇలా సరిచూసుకోండి

అమ్మిన రోజు సాయంత్రం మీరు ఇంట్లో తూచి రాసుకున్న బరువును, వ్యాపారి చీటీలోని బరువును పక్కపక్కన పెట్టి చూడండి. పది కిలోలకు వంద గ్రాములకు మించి తేడా ఉంటే వచ్చేసారి కొట్టు మార్చండి. నెలాఖరున కిరాణా బిల్లును పోయిన నెల బిల్లుతో పోల్చండి. ఇంట్లో ఏముందో కంటికి కనిపిస్తున్నప్పుడు, ఇదివరకు తెలియక రెండోసారి కొన్న పసుపు పొట్లాలు, బల్బులు, సెల్లోటేపులు ఆ బిల్లులోంచి మాయమవుతాయి. చివరిగా నోటుపుస్తకంలో "మళ్లీ కొనవలసి వచ్చినవి" అని ఒక పేజీ తెరిచి, అమ్మేసి తిరిగి కొన్న ప్రతి వస్తువునూ, దాని ఖరీదునూ రాయండి. మొదటిసారి నా పుస్తకంలో ఆ పేజీలో రెండు పేర్లు పడ్డాయి: ఒక అట్లపెనం, వానాకాలంలో బట్టలు ఆరేసుకునే మడత స్టాండు. మీ పేజీలో మూడు దాటితే, మరుసటిసారి తేదీ రాసి కట్టే సంచిని ఆరు నెలలకు బదులు ఏడాది ఉంచండి.